తలుపు పట్టుకుని నిలబడ్డాను, రెండు లాప్‌టాప్‌లు పోయాయి. మీరు రోజూ ఏ జాగ్రత్తలు తీసుకుంటారు?

లెక్కలపద్దు (సోమవారం, రాత్రి 9:12)

పోయిన గురువారం మా ఆఫీసులో జరిగింది చెబుతాను. భోజనాలయ్యాక అందరం లోపలికి వస్తున్నాం. నేను కార్డు పెట్టగానే తలుపు తెరుచుకుంది. వెనక ఒకాయన రెండు చేతులతో పెద్ద అట్టపెట్టె పట్టుకుని వస్తున్నాడు. మెడలో ఆఫీసు పట్టీ ఉంది, దాని చివర చొక్కా జేబులోకి దోపి ఉంది. పాపం బరువు మోస్తున్నాడు కదా అని తలుపు పట్టుకుని నిలబడ్డాను. "థాంక్సండీ" అని నవ్వి వెళ్లాడు. గంట తిరక్కుండా మా వరసలో రెండు లాప్‌టాప్‌లు, ఒకమ్మాయి హ్యాండ్‌బ్యాగు మాయం. ఆ బ్యాగులో తన ఇంటి తాళాలు, చిరునామా ఉన్న గుర్తింపు కార్డు రెండూ ఉన్నాయి. పెట్టె మాత్రం మెట్ల దగ్గర దొరికింది. లోపల ఏమీ లేదు, ఖాళీ.

కెమెరాలో చూస్తే తలుపు పట్టుకున్నది నేనే అని స్పష్టంగా కనిపిస్తోంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అయినా నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. ఖరీదైన పరికరాల గురించి అడగడం లేదు. ఉద్యోగానికి వెళ్లొచ్చే మామూలు మనిషి రోజూ చేయగలిగిన జాగ్రత్తలు చెప్పండి.

గేటుదగ్గర (సోమవారం, రాత్రి 9:40)

అన్నా, ముందు ఆ బాధ పక్కన పెట్టండి. నేను 11 ఏళ్లుగా గేటు దగ్గర డ్యూటీ చేస్తున్నాను. దొంగ గోడ దూకి వస్తాడనుకుంటాం. నేను పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది నవ్వుతూ, చేతుల నిండా సామానుతో, ముందు వెళ్లేవాళ్ల వెనకే వచ్చారు. చేతులు ఖాళీగా లేని మనిషిని కార్డు చూపించమని అడగడానికి ఎవరికైనా మొహమాటమే. ఆ పెట్టె తెచ్చింది అందుకే.

అడగడానికి ఒక పద్ధతుంది. "మీరెవరు?" అంటే గొడవలా వినిపిస్తుంది. "పెట్టె ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను, మీరు కార్డు పెట్టండి" అనండి. నిజంగా మన ఆఫీసు మనిషైతే సంతోషంగా ఇస్తాడు. కార్డు మర్చిపోయానంటే "రండి, రిసెప్షన్ దాకా నేనూ వస్తాను" అని తోడు వెళ్లండి. దారి చూపించి వదిలేయొద్దు, పక్కనే నడవండి. దొంగకి తోడు నడిచే మనిషి ఉంటే చాలా ఇబ్బంది.

ఇంకోటి. లోపల ఎవరైనా తెలియని మనిషి కనిపిస్తే "శ్రీనివాస్ గారి కోసమా?" అని మీరే పేరు అందించకండి. అవునంటాడు, అయిపోతుంది. "ఎవరిని కలవాలండీ?" అని అడిగి ఆగండి. పేరు అతని నోటి నుంచి రావాలి.

అన్నట్టు, ఆ అమ్మాయి ఇంటి తాళం మార్చిందా?

లెక్కలపద్దు (సోమవారం, రాత్రి 9:47)

ఇంకా లేదు. తీరిక లేదట, ఈ శనివారం చూసుకుంటానంది.

తాళంకప్ప (సోమవారం, రాత్రి 9:55)

శనివారం కాదండీ, ఇవాళే. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. తాళంచెవి, చిరునామా రెండూ ఒకే మనిషి చేతిలో పడ్డాయంటే ఆ తలుపుకి తాళం లేనట్టే లెక్క. ఇప్పటికే నాలుగు రాత్రులు గడిచాయి.

తాళం మొత్తం పీకాల్సిన పని లేకపోవచ్చు. నేను 22 ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను కాబట్టి వివరంగా రాస్తాను. తలుపు తెరిచి దాని అంచు చూడమనండి. తాళం నాలుక బయటికొచ్చే అంచు మీదే, సరిగ్గా తాళంచెవి రంధ్రం ఎత్తులో ఒక పొడుగు స్క్రూ ఉంటే అది సిలిండర్ తాళం, అంటే తాళంచెవి దూరే భాగం ఒక్కటే విడిగా ఊడొచ్చేది. ఆ స్క్రూ పూర్తిగా విప్పి, తాళంచెవి పెట్టి కొంచెం తిప్పాలి. మధ్యలో ఉండే చిన్న పన్ను సిలిండర్ ఒంటికి సరిపోయిన చోట మొత్తం సిలిండర్ జారి చేతిలోకి వస్తుంది. కొత్తది తెచ్చేముందు స్క్రూ రంధ్రం మధ్య నుంచి లోపలి వైపు ఎంత, బయటి వైపు ఎంత అని విడివిడిగా కొలవాలి, రెండూ ఒకేలా ఉండకపోవచ్చు. బిగించాక బయటి వైపు, తాళం చుట్టూ తలుపుకి బిగించిన పట్టీ మీద నుంచి 3 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ పొడుచుకు రాకూడదు. ఎక్కువ వస్తే పట్టకారుతో పట్టి విరిచేస్తారు. పని పదిహేను నిమిషాలు కూడా పట్టదు.

ఇవాళ సిలిండర్ దొరక్కపోతే రాత్రికి లోపలి గడియ వేసుకుని, పగలు ఎవరో ఒకరు ఇంట్లో ఉండేలా చూసుకోమనండి.

లెక్కలపద్దు (సోమవారం, రాత్రి 10:20)

మాట్లాడాను. వాళ్ల అన్నయ్య వస్తున్నాడు. మీరు రాసింది అలాగే పంపించాను. ఈ మాట నాకు గురువారమే తట్టాల్సింది.

రాత్రిడ్యూటీ (సోమవారం, రాత్రి 11:30)

నేను నర్సుని. నెలలో సగం రోజులు ఇల్లు చేరేది నడిరాత్రి దాటాకే. నా అలవాట్లు రాస్తాను.

ఇంటి తాళంచెవి వీధి మలుపులోనే తీసి చేతిలో పట్టుకుంటాను. గుమ్మం దగ్గర నిలబడి, బ్యాగులోకి తల దూర్చి వెతుక్కునే ఆ అర నిమిషం మనకి ఏదీ కనబడదు, ఏదీ వినబడదు. అందుకే తాళాల గుత్తికి బ్యాగులో ఒక్కటే చోటు, పక్క జిప్పులో. గుత్తి మీద ఇంటి నంబరు గానీ, ఆస్పత్రి పేరు గానీ ఉండదు.

క్యాబ్ వచ్చినప్పుడు ముందు నంబరు ప్లేటు చూస్తాను. తర్వాత "ఎవరి కోసం వచ్చారు?" అని అడుగుతాను. నా పేరు నేను చెప్పను. గేటుదగ్గర గారు రాసినట్టే ఇది కూడా. ఎక్కేముందు వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందో లేదో ఒకసారి చూస్తాను. పిల్లల కోసం పెట్టే లాక్ వేసి ఉంటే లోపల కూర్చున్నాక ఆ తలుపు మన చేతికి తెరుచుకోదు.

నా కారులో వెళ్లిన రోజు ఎక్కగానే లాక్ నొక్కి బయల్దేరతాను. మెసేజీలు చూసుకోవడం అక్కడ కాదు, ఇంటికొచ్చాకే.

ఎవరైనా వెంట పడుతున్నారనిపిస్తే ఇంటికి పోకూడదు. ఇల్లు ఎక్కడో వాళ్లకి మనమే చూపించినట్టవుతుంది. మనుషులున్న చోటికి, వెలుతురున్న చోటికి వెళ్లాలి. ఒకసారి నేను వెనక్కి తిరిగి మళ్లీ ఆస్పత్రికే వచ్చేశాను. భ్రమే అయ్యుండొచ్చు. అయినా తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాను, దానికి నేనేమీ సిగ్గుపడను.

రెండోఅంతస్తు (మంగళవారం, ఉదయం 6:50)

తాళంచెవులు వేళ్ల సందుల్లో పెట్టుకుని పిడికిలి బిగిస్తే ఆయుధంలా పనికొస్తుందని చాలాచోట్ల చూశాను. నేను అలాగే నడుస్తాను.

రాత్రిడ్యూటీ (మంగళవారం, ఉదయం 7:15)

దయచేసి మానేయండి. అలా గుద్దితే తాళంచెవి పక్కకి తిరిగి ముందు మన వేళ్లనే చీరుస్తుంది. పైగా అంత దగ్గరికి రానివ్వడమే మనకి ప్రమాదం. ఆ చేతిలో గట్టిగా మోగే ఈల గానీ, చిన్న అలారం గానీ ఉంటే మేలు. మనకి కావలసింది దూరం, నలుగురి చూపు.

ఇంకో ముఖ్యమైన సంగతి. బ్యాగు పట్టీని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకునేవాళ్లున్నారు. బండి మీద వచ్చి లాగితే బ్యాగుతో పాటు మనిషినీ రోడ్డు మీద ఈడ్చుకుపోతారు. అలా వచ్చినవాళ్లకి నేను కట్టు కట్టాను. మోచేయి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయి, గాయంలో ఇసుక ఇరుక్కుని ఉంటుంది. దాన్ని ఒక్కో రేణువు చొప్పున కడగాలి, మత్తు ఇచ్చినా ఏడుస్తారు. లాగితే వదిలేయండి. వస్తువు మళ్లీ కొనుక్కోవచ్చు.

సర్వర్‌రూమ్ (మంగళవారం, ఉదయం 10:05)

ఆఫీసు కార్డుల గురించి నేను చెబుతాను, కంప్యూటర్ల విభాగంలో పని చేస్తాను. పాత రకం కార్డులు, అంటే 125 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాల మీద పనిచేసేవి, రీడర్ దగ్గర పెట్టగానే తమ నంబరు చెప్పేస్తాయి. అడిగింది ఎవరో చూడవు. చిన్న పరికరంతో దగ్గరికి వచ్చి నిలబడితే నకలు తీయొచ్చు. తర్వాత వచ్చిన ఒక బాగా వాడుకలో ఉన్న రకం, మైఫేర్ క్లాసిక్, దాని రహస్య పద్ధతిని కూడా 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఛేదించారు. కాబట్టి బయటికి వెళ్లేటప్పుడు మెడలోని కార్డు తీసి బ్యాగులో లోపల పెట్టుకోండి. పేరు, ఫోటో, కంపెనీ గుర్తు అన్నీ ఊరంతా చూడాల్సిన పని లేదు. కార్డుతో దిగిన ఫోటోలు సోషల్ మీడియాలో పెట్టకండి. అది చూసి అచ్చం అలాంటి కార్డే ముద్రించుకోవచ్చు.

తాళంచెవి ఫోటోలు కూడా అంతే. 2014లో విమానాశ్రయాల్లో సూట్‌కేసులు తనిఖీ చేసేవాళ్ల దగ్గరుండే మాస్టర్ తాళంచెవుల ఫోటో ఒక అమెరికన్ పత్రికలో వచ్చింది. మరుసటి ఏడాది ఆ ఫోటో ఆధారంగా తయారుచేసిన నమూనాలు ఇంటర్నెట్‌లో కనిపించాయి, త్రీడీ ప్రింటర్‌తో ముద్రించి తాళాలు తీసి చూపించారు. కొత్త ఇంటి సంబరంలో తాళంచెవి చూపిస్తూ ఫోటో పెట్టే వాళ్లందరికీ ఇది చెప్పండి.

ఫోన్ పోతే ఏమవుతుందో కూడా ఇప్పుడే చూసుకోండి. స్క్రీన్ లాక్ ఉన్నా, సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలు అక్కడికే వస్తాయి. సెట్టింగ్స్‌లో సిమ్‌కి పిన్ పెట్టుకోవచ్చు. మూడుసార్లు తప్పు కొడితే అది లాక్ అయిపోయి, మళ్లీ తెరవడానికి పీయూకే అనే కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ సాధారణంగా సిమ్‌తో వచ్చిన కార్డు మీద ఉంటుంది, పిన్ పెట్టేముందే అది ఎక్కడుందో చూసుకోండి. అలాగే *#06# కొడితే మీ ఫోన్‌ని గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. అది కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. ఫోన్‌లోనే దాచుకుంటే ఫోన్‌తో పాటే పోతుంది.

తాళంకప్ప (మంగళవారం, మధ్యాహ్నం 1:20)

సర్వర్‌రూమ్ గారు చెప్పింది నిజం. కానీ నాకు పని చెప్పే ఇళ్లలో ఎక్కువచోట్ల తాళం తీసి వచ్చిన దొంగ కనబడడు. తలుపు తన్నో, కిటికీ పెకిలించో, లేదంటే తెరిచే ఉంటేనో వస్తాడు. 1851లో లండన్ మహా ప్రదర్శన జరిగిన రోజుల్లో హాబ్స్ అనే అమెరికన్, ఎవరూ తీయలేరని పేరున్న బ్రామా తాళాన్ని తీశాడు. 16 రోజుల్లో మొత్తం 51 గంటలు కూర్చున్నాడు. మన ఇంటి ముందు 51 గంటలు ఎవరూ కూర్చోరు. తాళం ఎంత మంచిదైనా, దాని నాలుక వెళ్లి పడే ద్వారబంధం పట్టీ అరంగుళం స్క్రూల మీద నిలబడి ఉంటే ఒక్క తన్నుకి ద్వారబంధం చీలిపోతుంది. చీలిన కొయ్యలో తాళం నాలుక చెక్కుచెదరకుండా అలాగే ఉండటం ఎన్నోసార్లు చూశాను. చెక్క ద్వారబంధమైతే ఆ పొట్టి స్క్రూలు తీసి 3 అంగుళాలవి వేయించండి. చాలా తక్కువ ఖర్చు, చాలా ఎక్కువ బలం.

ఇంకొక పరీక్ష ఇప్పుడే చేయండి. తలుపు తెరిచి ఉంచి, బయటికి వెళ్లేటప్పుడు ఎలా వేస్తారో అలాగే తాళం వేయండి. బయటికొచ్చిన నాలుకని బొటనవేలితో నొక్కండి. అది లోపలికి వెళ్లిపోతే, ఏటవాలుగా కోసిన స్ప్రింగ్ నాలుక మాత్రమే పడుతోందన్నమాట. గట్టి ప్లాస్టిక్ ముక్క సందులోంచి దూర్చి దాన్ని వెనక్కి నెట్టొచ్చు. తలుపు లాగగానే "టక్" మని శబ్దం వచ్చింది కదా అని వెళ్లిపోతాం. తాళంచెవి తిప్పితేనే గట్టి గడియ పడుతుంది. రెండు నిమిషాల్లో వస్తాం కదా అని ఊరుకున్నప్పుడే పోతాయి.

పొద్దున్నే5కి (మంగళవారం, రాత్రి 8:45)

నేను ఆఫీసుల్లో శుభ్రం చేసే పని చేస్తాను. మీరందరూ రాకముందే వచ్చి వెళ్లిపోతాను కాబట్టి మీ బల్లలు మీకన్నా నేనే ఎక్కువ చూస్తాను.

సొరుగుకి తాళం వేస్తారు. తాళంచెవి పెన్నుల డబ్బాలో అడుగున పెడతారు. లేకపోతే మొక్క కుండీ కింద, కీబోర్డు కింద. నేను తుడవాలంటే అవన్నీ ఎత్తాలి, అందుకని నాకు తెలుసు. నాకు తెలిసిందంటే ఎవరికైనా తెలుస్తుంది. పాస్‌వర్డు పసుపు కాగితం మీద రాసి తెరకే అతికిస్తారు. ప్రింటర్ మీద జీతాల కాగితాలు రాత్రంతా ఉంటాయి. చెత్తబుట్టలో చింపని బ్యాంకు కాగితాలు ఉంటాయి. కుర్చీకి తగిలించిన కోటు జేబులో తాళాలు గలగలమంటాయి.

నేను ఏదీ ముట్టుకోలేదు. అయినా ఏది పోయినా ముందు మా బ్యాగులే వెతుకుతారు. ఒకసారి నన్ను రెండు గంటలు నిలబెట్టారు. పోయిందన్న పర్సు సాయంత్రం ఆవిడ కారులోనే దొరికింది. నాకు సారీ చెప్పినవాళ్లు లేరు. మీ సొరుగు తాళంచెవి మీ వెంట తీసుకెళ్లండి. అది మీకు మంచిది, మాకు ఇంకా మంచిది.

రెండోఅంతస్తు (మంగళవారం, రాత్రి 9:10)

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు అని ఇక్కడ రాద్దామని వచ్చాను. మీది చదివాక రాయబుద్ధి కాలేదు. మా ఆఫీసులో ఉదయం పనిచేసే ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. నా సొరుగు తాళంచెవి పెన్నుల డబ్బాలోనే ఉంది. రేపు తీసేస్తాను.

గేటుదగ్గర (మంగళవారం, రాత్రి 9:25)

అమ్మా, మీరు రాసింది మా వాళ్లందరికీ చదివి వినిపిస్తాను. తనిఖీ అంటే పై నుంచి కింద దాకా అందరికీ ఒకటే ఉండాలి. మేనేజర్ బ్యాగు చూడనివాడు ఆయా బ్యాగు చూడకూడదు.

మా బాధ కూడా ఒకటుంది. కార్డు లేని పెద్ద ఉద్యోగిని ఆపితే "నేనెవరో తెలుసా" అంటారు. ఫిర్యాదు వెళ్తుంది, మాకు చీవాట్లు పడతాయి. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి గార్డు ఎవరినీ ఆపడు. మిమ్మల్ని ఆపిన గార్డుకి ఒక మంచి మాట చెప్పండి. రేపు దొంగని ఆపే ధైర్యం అతనికి అక్కడి నుంచే వస్తుంది.

నీలికలువ (బుధవారం, ఉదయం 7:40)

ఇవన్నీ చదువుతుంటే ఒక మాట చెప్పాలనిపిస్తోంది. ఈల మనమే కొనుక్కోవాలి, దారి మనమే మార్చుకోవాలి, వెనక్కి మనమే చూసుకోవాలి. మా పార్కింగ్‌లో ఆరు దీపాలకి నాలుగు వెలగవు. ఏడు నెలలుగా చెబుతున్నాం. చీకటి చేసినవాళ్లని వదిలేసి నడిచేవాళ్లకి జాగ్రత్తలు చెబితే ఎలా?

రాత్రిడ్యూటీ (బుధవారం, ఉదయం 8:05)

మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. మా దగ్గర కూడా ఒక్కొక్కరం నోటితో చెప్పినన్ని రోజులూ ఏమీ కదల్లేదు. తర్వాత ఏ స్తంభం, ఏ తేదీ నుంచి వెలగట్లేదు అని రాసి, చీకటిగా ఉన్న చోట్ల ఫోటోలు తీసి, డ్యూటీలో ఉన్న అందరం సంతకాలు పెట్టి ఇచ్చాం. రాతపూర్వకంగా అందినట్టు ముద్ర వేయించుకున్నాం. వారంలో దీపాలు వెలిగాయి. అయితే ఆ వారం కూడా ఇంటికి వెళ్లాలి కదా. అందుకే ఈల.

లెక్కలపద్దు (బుధవారం, రాత్రి 8:30)

సోమవారం రాత్రే ఆ అమ్మాయి ఇంటి సిలిండర్ మార్చేశారు. తాళంకప్ప గారికి చేతులెత్తి నమస్కారం చెప్పమంది.

ఇంకో విషయం అడగాలి. దొంగ వెనక మెట్ల తలుపు గుండా వెళ్లిపోయాడని తేలింది. దాంతో ఇవాళ మావాళ్లు ఆ తలుపుకి గొలుసు చుట్టి తాళంకప్ప బిగించారు. ఇది మంచిదేనా?

గేటుదగ్గర (బుధవారం, రాత్రి 8:36)

వద్దు. రేపు పొద్దున్నే తీయించండి.

తాళంకప్ప (బుధవారం, రాత్రి 9:15)

తాళాలు అమ్ముకుని బతికేవాణ్ణి, అయినా చెబుతున్నాను, ఆ గొలుసు తీయించండి. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. భవనంలో పై మూడు అంతస్తులు వాళ్లవి. పనివాళ్లు గుడ్డ ముక్కలు ఎత్తుకుపోతారేమోనని, బయటికెళ్లేటప్పుడు అందరి సంచులూ ఒకే దారిలో చూడొచ్చని, తొమ్మిదో అంతస్తులో ఒక మెట్ల తలుపుకి తాళం వేసి ఉంచేవారు. ఆ రోజు 146 మంది చనిపోయారు. ఎక్కువమంది చిన్న వయసు ఆడపిల్లలు. దొంగతనం భయంతో వేసిన తాళమే అది.

మీకు కావలసింది బయటి నుంచి తెరుచుకోకుండా, లోపలి నుంచి మాత్రం ఒంటితో నెడితే చాలు తెరుచుకునే అడ్డకడ్డీ. దానికి అలారం కూడా పెట్టొచ్చు, ఎవరు నెట్టినా మోగుతుంది. దొంగ వెళ్తే తెలుస్తుంది, మంటలొస్తే మనుషులు బయటపడతారు.

ఇళ్లకీ ఇదే. రాత్రిళ్లు లోపలి వైపు కూడా తాళంచెవితో వేసుకునే తలుపైతే, ఆ తాళంచెవి పొగలో కూడా తడిమి పట్టుకోగలిగే చోట, రోజూ ఒకే చోట ఉండాలి. ఇంట్లో పిల్లలకీ ఆ చోటు తెలియాలి.

నీలికలువ (బుధవారం, రాత్రి 9:40)

మా అమ్మ రోజూ రాత్రి తాళంచెవి దిండు కింద పెట్టుకుంటుంది. ఇది చదివి వినిపించాను. తలుపు పక్కన, బయటి నుంచి చెయ్యి పెట్టినా అందనంత దూరంలో మేకు కొడుతోంది.

లెక్కలపద్దు (శుక్రవారం, సాయంత్రం 6:55)

గురువారం పొద్దున్నే వెళ్లి మాట్లాడాను. మాట వణికింది, అయినా 1911 సంగతి మొత్తం చెప్పాను. ఎవరూ అడ్డు చెప్పలేదు. పది గంటలకల్లా గొలుసు తీసేశారు. అడ్డకడ్డీ బిగించేదాకా ఆ తలుపు దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టారు.

ఇవాళ మధ్యాహ్నం తలుపు దగ్గర మళ్లీ అలాగే జరిగింది. నేను కార్డు పెట్టేసరికి వెనక ఒకబ్బాయి, చేతుల్లో రెండు మానిటర్లు, ఒకదాని మీద ఒకటి. నా గుండె దడదడలాడింది. తలుపు వదిలేసి "పైది ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటాను, కార్డు పెట్టండి" అన్నాను. అతను వెంటనే ఇచ్చి, వెనక జేబులోంచి కార్డు తీసి పెట్టాడు. మూడో అంతస్తులో కొత్తగా చేరాడట, సోమవారమే వచ్చాడట. ఆ మానిటర్ మోసుకుంటూ అతని బల్ల దాకా వెళ్లి వచ్చాను.